గోడ అవతలి మాటతో తిరిగిన డ్రయ్యర్

రండి, ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, గోడకు ఆనించుకుంటే కదలదు. నా గొంతు పెద్దదే. ముప్పై ఏళ్లు బస్సు డిపోలో ఇంజన్ల మోత మీద అరిచిన గొంతు. కానీ ఈ సంగతి అరిచి చెప్పేది కాదు, అందుకని దగ్గరికి రమ్మంటున్నాను.

నేను చదివింది ఐదో తరగతి. దాంట్లోనూ సగమే. జ్ఞాపకం మాత్రం దేవుడు దండిగా ఇచ్చాడు. డిపోలో నా చేతుల మీదుగా వెళ్లిన బండ్లలో దేనికి ఏ చక్రం ఎప్పుడు మార్చామో కాగితం చూడకుండా చెప్పేవాణ్ని. మా పెళ్లినాడు వాన పడి షామియానా ఏ మూల కూలిందో, ఎవరి విస్తరిలో నీళ్లు నిండాయో ఇప్పటికీ చెప్పగలను. అటువంటివాణ్ని, మా ఇంట్లో నాకు పదడుగుల దూరంలో మా ఆవిడ పన్నెండేళ్లు చేసిన పని ఒకటి ఎలా చేసిందో చెప్పమంటే నోరు తెరవలేకపోయాను. ఆమె ఆ పని చేస్తుంటే నేను ఒక్కసారి కూడా అటు తిరిగి చూడలేదు.

ఆ పని బట్టలు ఆరబెట్టడం.

మాది ఉప్పుగూడ. రైలు స్టేషన్‌కు ఇవతల, రెండు గదులు, ఒక వంటిల్లు, వెనక రేకులు కప్పిన చిన్న వరండా. ఆ వరండాలోనే మా వాషింగ్ మిషన్. రెండు తొట్లది. ఒక తొట్టిలో బట్టలు ఉతుకుతుంది, పక్క తొట్టిలో వేస్తే గిరగిరా తిప్పి నీళ్లు పిండేస్తుంది. ఆ రెండోదాన్ని మా వీధిలో అందరూ డ్రయ్యర్ అంటారు. వానాకాలం వస్తే ఉతికేదాని కన్నా దానికే విలువ. మా ఇళ్ల మీద ఎండ పడే చోటు తక్కువ, బట్టలు మూడు రోజులైనా వాసన వేస్తూ వేలాడుతుంటాయి.

వరండా పక్కనే పిట్టగోడ. గోడకు అవతల ఆపా వాళ్ల ఇల్లు. నేను ఆమెను ఆపా అంటాను, వాళ్ల మాటలో అక్క అని, ఆమె నన్ను భాయ్ అంటుంది. మా ఆవిడ ఆమెను ఆపా అనేది, ఆమె మా ఆవిడను అక్కా అనేది. ఎవరు పెద్దో ఎవరు చిన్నో పాతికేళ్లలో తేలలేదు. ఆ గోడలో ఒక ఇటుక ఎప్పుడో ఊడిపోయింది. ఆ బొక్కలో నుంచి కూర గిన్నెలు, ఖీర్ గిన్నెలు, కరివేపాకు, తలనొప్పి మాత్రలు అటూ ఇటూ పోయేవి. ఇటుక తెచ్చి పెడతానని నేను ఎన్నోసార్లు అన్నాను. వాళ్లిద్దరూ పెట్టనివ్వలేదు.

మాకు పిల్లలు కలగలేదు. మా ఇంటికి వచ్చే మనుషులంతా ఆమె మనుషులే. ఆ సంగతి నాకు ఆమె పోయాకే తెలిసింది. ఉన్నన్ని రోజులూ మా ఇల్లు సందడి ఇల్లు అని మురిసిపోయేవాణ్ని. చర్చిలో ఆడవాళ్లు వచ్చేవాళ్లు, వీధిలో ఆడవాళ్లు వచ్చేవాళ్లు, వానాకాలం ఆపా అయితే తడిబట్టల బకెట్టుతో వచ్చి డ్రయ్యర్ పక్కన పీట వేసుకుని గంటసేపు కూర్చునేది. నేను ముందు గదిలో పడుకుని వాళ్ల నవ్వులు వింటూ, ఏం మాట్లాడుకుంటారో ఇంతసేపు అనుకునేవాణ్ని.

ఆమె పోయాక అందరూ లోపలికి రావడం మానేశారు. తప్పు పట్టడం లేదు. మొగమనిషి ఒక్కడే ఉన్న ఇంట్లోకి ఆడమనిషి వెళ్లదు, అది మా వీధి పద్ధతి. ఎవరూ గీత గీసి చెప్పలేదు, అందరికీ తెలుసు. గుమ్మం ముందు నిలబడి, "అన్నం తిన్నవా అన్నా?" అని అడిగి వెళ్తారు. "తిన్న" అంటాను. అక్కడితో అయిపోతుంది. ఆపా అయితే ఆ గుమ్మం దాకా కూడా రాలేదు. గోడ బొక్కలో మాత్రం అప్పుడప్పుడు ఒక గిన్నె కనిపించేది. తిని, కడిగి, అక్కడే పెట్టేవాణ్ని.

అలా ఏడాది గడిచింది. మావాళ్లలో ఏడాది నిండిన రోజున ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెడతారు. పాస్టర్ గారు వస్తారు, సంఘంవాళ్లు వస్తారు. నేను కూడా సాయంత్రం ఐదింటికి అని అందరికీ చెప్పి ఉంచాను.

మా ఇంట్లో ప్రార్థన అంటే ఒక గుడ్డ ఉంది. దాన్ని ప్రార్థన గుడ్డ అనేవాళ్లం. మందపాటి తెల్లగుడ్డ, నాలుగు అంచుల వెంట నీలం దారంతో పూలు. మా ఆవిడ పెళ్లయిన కొత్తలో కుట్టింది. బోడి టేబుల్ మీద బైబిల్ పెట్టనిచ్చేది కాదు. ఎంతమంది వచ్చినా, ఎంత ఆలస్యమైనా, ముందు ఆ గుడ్డ పరిచి, చేత్తో నిమిరి, అప్పుడు, "ఇగ కానీయండి" అనేది. సంఘంలో ఎవరిని అడిగినా మా ఇంటి నీలం పూల గుడ్డ గుర్తే. ఆమె పోయిన మూడో రోజు ప్రార్థనకు ఆడవాళ్లే వెతికి తీసి పరిచారు. ఎవరిదో టీ దాని మీద ఒలికింది. ఆ తర్వాత నేను దాన్ని మడిచి పెట్టెలో పడేశాను. ఏడాది దాకా పెట్టె తెరవలేదు.

ప్రార్థన రోజు పొద్దున తెరిచి చూస్తే టీ మరక గోధుమ రంగులో బెత్తెడు పరుచుకుని ఉంది. ఏడాది ప్రార్థనకు ఆమె గుడ్డ మీద ఎవరిదో టీ మరకతో బైబిల్ పెట్టాలా? నాకు మనసొప్పలేదు. పోనీ వేరే గుడ్డ వేయాలా? అదసలే ఒప్పలేదు. నానబెట్టాను, సబ్బు పెట్టాను, మిషన్‌లో వేశాను. మరక పోయింది. అప్పటికి వాన మొదలైంది. సరే, డ్రయ్యర్‌లో తిప్పి, ఇస్త్రీ చేస్తే సాయంత్రానికి కచ్చితంగా అయిపోతుందనుకున్నాను.

గుడ్డను ఉండగా చుట్టి డ్రయ్యర్‌లో వేసి, పైన మూత మూసి, గుండీ తిప్పాను. రెండు చుట్లు తిరిగింది. దబ్‌మని లోపల ఏదో తగిలింది. ఆగిపోయింది. గుయ్‌మని మూలుగుతోంది గానీ తిరగడం లేదు. ఆపి మూత ఎత్తి చూశాను. గుడ్డ కొస ఒకటి తొట్టి అంచు దాటి, తిరిగే తొట్టికీ బయటి గోడకూ మధ్య ఉన్న సందులోకి దిగిపోయింది. లోపలెక్కడో బిగుసుకుంది. పట్టి లాగాను. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగాను. టప్‌మని నీలం దారం ఒకటి తెగింది.

చేతులు వదిలేశాను. మళ్లీ పట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

మిషన్లు బాగుచేసే అతనికి ఫోన్ చేశాను. "ఇంత వానల ఏడొస్త బాపూ, రేపు సూద్దాం. మోటార్ పోయినట్టుంది, షాపుకు తేవాల్సొస్తది" అన్నాడు. రేపు వస్తే నాకేం లాభం?

అప్పుడు నాకు రోషం వచ్చింది. ముప్పై ఏళ్లు బస్సు చక్రాలు విప్పినవాణ్ని. ఇదెంత, బకెట్టంత లేదు! ప్లగ్గు పీకేశాను. మంచం కింద నుంచి పానాల సంచి లాగాను. మిషన్‌ను గోడ నుంచి ఇవతలికి జరిపి, పేచ్‌కస్‌తో స్క్రూలు తీసి, వెనక రేకు విప్పి పక్కన పెట్టాను. లోపల రెండు మోటార్లు, నాలుగు తీగలు. తీగలు ఊడిపోలేదు, మాడిన వాసన లేదు. మోకాళ్ల మీద కూర్చుని లోపలికి చూస్తున్నాను గానీ ఏం చూడాలో తెలియడం లేదు. చక్రం గాలి పోతే తెలుస్తుంది, బోల్టు అరిగితే తెలుస్తుంది. ఇక్కడ అన్నీ బాగానే ఉన్నట్టున్నాయి, తిరగడం మాత్రం లేదు.

ఆ కోపంలో పానా గచ్చు మీద విసిరికొట్టాను. అప్పుడే గోడ అవతల నుంచి గొంతు వినపడింది.

"ఏమైంది భాయ్? పొద్దుగాల నుంచి మిషన్‌తోని లొల్లి పెట్టుకున్నవ్?"

ఏడాది తర్వాత ఆపా గొంతు అంత దగ్గరగా వినడం అదే. గోడ పైనుంచి ఆమె గొడుగు నల్లగా కనిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు.

"తిరుగుతలేదు ఆపా."

"ఎట్ల సప్పుడు చేస్తుంది? గుయ్ అంటుందా, గప్‌చుప్ ఉన్నదా?"

"గుయ్ అంటుంది."

"గట్లయితే మోటార్ జిందా ఉన్నది. ఫికర్ చేయకు. లోపల ఏందో ఇరుక్కున్నది."

డిపోలో మా పెద్ద మెకానిక్ ఇంజన్ మీద చెయ్యి వేసి చెప్పేవాడు, అంత ధీమాగా చెప్పింది. నేను విప్పి, చూసి, తల పట్టుకున్నదాన్ని ఆమె గోడ అవతల నుంచి ఒక్క మాటలో తేల్చేసింది.

"ప్రార్థన గుడ్డ ఇరుక్కుంది ఆపా," అన్నాను. "సాయంత్రం కావాలె."

గోడ పైన గొడుగు ఒక పక్కకు వంగింది.

"నీలం పూలదా?"

"అదే."

"లాగినవా?"

"లాగిన. ఒక దారం తెగింది."

"అయ్యో భాయ్! లాగొద్దు! చెయ్యి తియ్యి! అక్క ఒక్కనాడన్న దాన్ని పిండిందా? పిండితే పూలు గుంజుకుపోతయని నీళ్లు కారంగనే ఎత్తుకొచ్చేది." గొడుగు గోడకు ఇంకాస్త దగ్గరైంది. "సరే. ముందుగాల చెప్పు, గుడ్డ మీద మూత పెట్టినవా?"

"పెట్టిన. మూత మూస్తేనే గదా తిరిగేది."

"పై మూత కాదు భాయ్. లోపలి మూత. నీలం ప్లాస్టిక్‌ది, గుండ్రంగ, చిల్లులు ఉంటయ్. బట్టల మీద పెట్టి వత్తుతరు, ఎగిరి సందుల పడకుంట. అది లేకుంట తిప్పితే బట్ట ఎగిరి పోయి కిందనే కూసుంటది. ఏదది?"

నీలం ప్లాస్టిక్, గుండ్రంగా, చిల్లులు. నేను మెల్లగా వంటింటి వైపు తిరిగి చూశాను. తలుపులో నుంచి గట్టు కనిపిస్తోంది. గట్టు మీద పాలగిన్నె. పాలగిన్నె మీద...

"ఏమైంది, పలుకుతలేవ్?"

"పాలగిన్నె మీదున్నది ఆపా."

"ఏందీ?"

"మీ అక్క పోయినంక ఇల్లు సర్దుతుంటే దొరికింది. చిల్లులున్నయ్ గదా, పాలకు గాలాడుతదనుకున్న."

గోడ అవతల గొడుగు ఊగడం మొదలుపెట్టింది. ముందు నవ్వు ఆపుకుంది, తర్వాత ఆపుకోలేకపోయింది. "యా అల్లా! ఏడాది నుంచి డ్రయ్యర్ మూత పాల మీదనా! పాలకు సబ్బు వాసన రాలేదా భాయ్?"

"కడిగిన గదా!"

"కడిగిండంట!" అని మళ్లీ నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. ఆ వరండాలో ఏడాది తర్వాత మళ్లీ ఒక నవ్వు వినపడింది, అదీ సగం గోడ అవతలిది.

నవ్వు తగ్గాక అంది, "మిషన్ వెనక గోడకు ఒక మొల ఉన్నది సూడు. దానికి గొడుగు పుల్ల తగిలించి ఉంటది."

మిషన్‌ను జరిపింది నేనే, దాని వెనక అంతసేపు కూర్చుందీ నేనే, అయినా గోడ వైపు చూడలేదు. తిరిగి చూస్తే నిజంగానే మొల. దానికి పాత గొడుగు పుల్ల ఒకటి, కొస వంకీలా వంచి, చేత్తో పట్టుకునే చోట గుడ్డపేలిక చుట్టి ఉంది. ఆ పేలిక ఆమె పాత జాకెట్టుది. గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు.

"దొరికిందా?"

"దొరికింది."

"అక్క చేసింది. రుమాలు గిట్ల కిందికి పోతే దాంతోనే తీసేది. నేనన్న, భాయ్‌కు చెప్పరాదు, డిపోల పనిచేస్తడు గదా అని. అక్క ఏమన్నదో ఎరికేనా? 'వద్దు ఆపా, ఆయనకు చెప్తే పానాల సంచి తెస్తడు. సాయంత్రం వరకు మిషన్ బస్సు లెక్క ముక్కలు ముక్కలు అయితది' అన్నది. ఇప్పుడెన్ని ముక్కలైనయ్?"

గచ్చు మీద విప్పి పెట్టిన రేకు, స్క్రూలు, విసిరికొట్టిన పానా. లెక్క పెట్టలేదు.

"చాలానే అయినయ్," అన్నాను.

అని, ఆ పుల్లను తిప్పి పేలిక ముడి చూశాను. పన్నెండేళ్లలో ఎన్నిసార్లు ఈ మిషన్ ఆగి ఉంటుంది! నేను ముందు గదిలో పడుకుని ఉండగా, ఆమె ఇక్కడ పుల్ల పట్టుకుని తనే తీసుకుంది, తనే తిప్పుకుంది. బట్టలు ఆరినవి మడిచి నా పక్కన పెట్టేది. ఒక్కనాడూ తడిబట్ట తొడుక్కున్నట్టు నాకు గుర్తు లేదు.

పుల్ల సందులోకి దించాను. గుడ్డకు తగలకుండా, అవతలి వైపు నుంచి. ఆపా చెప్తూనే ఉంది, "కిందిదాక పోనీ, తిప్పు, తగిలిందా? ఇప్పుడు మీదికి తియ్యి, ఆహిస్తా, మెల్లగ." మొదట ఒక రుమాలు వచ్చింది, నల్లగా, పిప్పి అయిపోయి. తర్వాత ఒక సాక్సు. ఇంకో రుమాలు. ఇంకో సాక్సు, అది మొదటిదాని జత కాదు. ఒక్కొక్కటే తీసి గచ్చు మీద పరిచాను. నిజం చెప్పాలంటే, ఆశ పడ్డాను. ఆమెది ఏదైనా వస్తుందేమోనని. ఒక జాకెట్టు ముక్కయినా, కొంగు చివర పోగయినా. అన్నీ నావే. ఆమె ఉన్నప్పుడు మూత పెట్టి తిప్పింది, ఎప్పుడన్నా తప్పి పడ్డవి అప్పుడే తీసేసింది, ఆమెది ఏదీ కింద మిగల్లేదు. ఈ ఏడాది నేను పోగొట్టుకున్నవే కిందికి చేరాయి. సాక్సులు ఎటు పోతున్నాయా అని మంచం కింద వెతికానే గానీ ఇక్కడ వెతకలేదు.

"ఇంకేం లేవు ఆపా. గుడ్డ కొసనే మిగిలింది. కింద ఇరుసుకు చుట్టుకుంది."

"అయితే తొట్టిని ఉల్టా తిప్పాలె. ఎటు చుట్టుకుందో దానికి ఉల్టా. తిప్పుకుంట గుడ్డను మెల్లగ మీదికి తీసుకోవాలె."

తిప్పాను. తొట్టి కదల్లేదు. ఇక్కడ మాత్రం నా డిపో బుర్ర పనిచేసింది. పై మూత ఎత్తగానే బ్రేకు పట్టేస్తుంది, చేతులు లోపల పెడితే తెగకుండా. వెనక చూస్తే సైకిల్ బ్రేకు తీగ లాంటిది ఒకటి మూత నుంచి కిందికి దిగి, మోటారు పక్కనున్న చిన్న లివర్‌కు తగులుకుని ఉంది. ఆ లివర్ లాగి పట్టుకుంటే బ్రేకు వదులుతుంది. లాగి చూశాను. వదిలింది. కానీ దానికి స్ప్రింగు ఉంది, చెయ్యి తీస్తే మళ్లీ పట్టుకుంటుంది. లివర్ పట్టుకోవాలంటే వెనక నేల మీద కూర్చోవాలి. తొట్టి తిప్పాలంటే ముందు నిలబడాలి.

"నువ్వూ ఆమె ఎట్ల చేసేటోళ్లు ఆపా?"

"కింద కూసొని నేను పట్టేది. పైన అక్క తిప్పేది. నాకు మోకాళ్లు నొస్తయని పీట ఏసేది."

పీట అక్కడే ఉంది, మూలన. నేను దాని వైపు చూశాను.

"ఒక్కనితోని అయ్యేటట్టు లేదు," అన్నాను. అని, నాలుక కరుచుకున్నాను. రమ్మని అడిగినట్టు అయింది కదా.

రేకుల మీద వాన ఒక్కటే మోత. స్టేషన్‌లో రైలు ఆగి, కూత పెట్టి, కదిలి వెళ్లిపోయింది. ఇంటి చుట్టూ తిరిగి వస్తే ఇరవై అడుగులు ఆమెకు. నాకు తెలుసు, ఆమె రావడానికి లేదు. ఆమెకు తెలుసు, నేను రమ్మనలేను. గోడ మీద నుంచి గొడుగు మాయమైంది. వెళ్లిపోయిందనుకున్నాను. నేల మీద కూర్చుండిపోయాను, ఒక చేత్తో లివర్ పట్టుకుని, రెండో చెయ్యి పైకి చాపి. తొట్టి అంచు నా వేళ్లకు జానెడు దూరంలో ఆగిపోయింది.

ఎంతసేపో తెలియదు. గోడ బొక్కలో నుంచి ఏదో తెల్లగా, పొడుగ్గా పాములా ఇవతలికి వచ్చింది. సల్వార్ నడుముకు బిగించే నాడా.

"కొత్తదే భాయ్. కుట్టు డబ్బల నుంచి తీసిన. లివర్ లాగి దీంతోని కట్టెయ్. గట్టిగ ఉంటది, ఏనుగును కట్టినా తెగదు."

నాడా అందుకున్నాను. లివర్ లాగి, నాడా చుట్టి, మిషన్ కాలికి బిగించి రెండు ముళ్లు వేశాను. బ్రేకు వదిలింది. లేచి ముందుకు వచ్చి, ఒక చెయ్యి తొట్టి మీద, ఒక చెయ్యి గుడ్డ మీద పెట్టాను.

"తిప్పుతున్న ఆపా."

"ఆహిస్తా."

కొంచెం తిరిగింది. గుడ్డ వేలెడంత పైకి వచ్చింది.

"ఇంకా."

"వస్తుంది."

"గుంజకు. అదే రానీ."

మూడు చుట్లు. నాలుగు. ఐదో చుట్టుకు కొస మొత్తం బయటికి వచ్చేసింది. దులిపి చూశాను. ఆ కొసనున్న ఐదు పూలలో నాలుగింటి మీద ఏమీ లేదు. చివరి పువ్వు మీద నల్లటి గ్రీజు మరక, పక్కన తెగిన దారం. గుడ్డ మాత్రం చినగలేదు.

"వచ్చింది!" అని అరిచాను. అవతల ఆపా ఏదో దువా చదువుకుంది, నాకు మాటలు తెలియలేదు.

నాడా విప్పాను. రేకు బిగించాను. గుడ్డను ఈసారి ఆపా చెప్పినట్టు గుండ్రంగా, తొట్టి అంచు చుట్టూ సమంగా పేర్చాను. మధ్యలో ఉండ చేస్తే ఒక పక్క బరువై కొట్టుకుంటుందట. పాలగిన్నె మీది మూత తెచ్చి, కడిగి, గుడ్డ మీద పెట్టి అరచేత్తో వత్తాను. సరిగ్గా కూర్చుంది, దాని చోటు అదే కదా. ప్లగ్గు పెట్టి, పై మూత మూసి, గుండీ తిప్పాను. మూలగలేదు. మెల్లగా మొదలై, జోరు అందుకుని, సన్నగా ఒకే తీరున మోగింది. ముందు గదిలో పడుకుని పన్నెండేళ్లు విన్న మోత అదే. దాన్ని దగ్గర నిలబడి వినడం మాత్రం మొదటిసారి.

"తిరిగింది భాయ్!" నేను చెప్పకముందే ఆపా అంది. "ఆగినాకనే మూత తియ్యి. తొందరపడకు." తలుపు వేసుకున్న చప్పుడైంది.

ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ పొగలు కక్కుతూ ఆరింది. ఐదింటికి టేబుల్ మీద పరిచాను. గ్రీజు మరకున్న కొసను నేను కూర్చునే వైపు తిప్పుకున్నాను. పాస్టర్ గారు వచ్చారు, గొడుగులు గుమ్మంలో నీళ్లు కార్చుకుంటూ సంఘంవాళ్లు వచ్చారు. ఒక ఆడమనిషి గుడ్డ అంచు పట్టుకుని చూసి, "అక్క గుడ్డ గదా" అంది. ఇక కానివ్వండి అనాల్సిన మనిషి లేదు. అందరూ నా వైపు చూస్తే నేను గుడ్డను చేత్తో ఒకసారి నిమిరాను. అప్పుడు పాస్టర్ గారు బైబిల్ పెట్టారు.

ప్రార్థన జరుగుతున్నంతసేపూ నా చెవి వెనక గోడ మీదే ఉంది. ఆపా ఇల్లు నిండు ఇల్లు. మనవలు, కోడళ్లు, టీవీ, రేయింబగళ్లు లొల్లే. ఆ అరగంట అవతల నుంచి ఒక్క చప్పుడు వినపడలేదు. ఒకసారి ఎవరో పిల్ల నోరెత్తబోతే, "ఉష్" అన్నది మాత్రం తెలిసింది.

అందరూ టీ తాగారు. ఈసారి ఎవరిదీ ఒలకలేదు. "ఒక్కనివే, పైలం అన్నా" అని చెప్పి వెళ్లిపోయారు. గుడ్డ మడవబోయాను. అంత పెద్ద గుడ్డ మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, దగ్గరికి నడిచి వచ్చి, కొసలు ఒకరి చేతిలో పెట్టి వెనక్కి వెళ్లాలి. మా ఆవిడతో కలిసి ఈ ఇంట్లో నేను చేసిన పని అదొక్కటే అనుకుంటాను. మంచం మీద పరిచి, వంగి, చుట్టూ తిరిగి, ఎలాగో మడిచాను. మడత వంకరగానే వచ్చింది. అలాగే పెట్టెలో పెట్టాను.

నాడా ఉతికి గోడ బొక్కలో పెట్టాను. పొద్దున చూస్తే నాడా లేదు. గోడ మీద బకెట్టు ఉంది, నిండా తడిబట్టలు, పిల్లల స్కూలు షర్టులు.

"భాయ్, వాన తగ్గేటట్టు లేదు. జర తిప్పి పెడ్తవా? లోపలి మూత మర్చిపోకు!"

తిప్పి, బకెట్టులో వేసి, గోడ మీద పెట్టాను. అప్పటి నుంచి వాన పడ్డప్పుడల్లా అదే పద్ధతి. బకెట్టు వస్తుంది, బకెట్టు వెళ్తుంది. మనిషి రాదు, నేనూ పోను. డ్రయ్యర్ తిరుగుతున్నంతసేపు మూలనున్న పీట తెచ్చి వేసుకుని దాని పక్కనే కూర్చుంటాను. ఐదు నిమిషాలకు ఆగిపోతుంది. ఆగాక వరండాలో రేకుల నుంచి కారే నీళ్ల చప్పుడు తప్ప ఇంకేం ఉండదు. గోడ అవతల వాళ్ల మాటలు వినపడతాయి, నాతో కాదు. ఇంకో విడత బట్టలు ఉంటే బాగుండు అనిపిస్తుంది. నావి ఒక్కడివి ఎన్నని ఉతుకుతాను!

పాలగిన్నె మీద ఇప్పుడు పళ్లెం బోర్లిస్తున్నాను. గొడుగు పుల్ల మళ్లీ ఆ మొలకే తగిలించాను, పేలిక అలాగే ఉంది.

ఇంతసేపు కూర్చుని విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంట్లో వానాకాలం కూడా పొడిబట్టలే ఉండాలి. మీ గోడకు ఒక ఇటుక తక్కువై, అవతల నుంచి పలకరించే గొంతు ఒకటి ఉండాలి. గుడ్డ మడిచే వేళకు, అవతలి రెండు కొసలూ పట్టుకోవడానికి మీ ఇంట్లో ఎప్పుడూ ఇంకో మనిషి ఉండాలి.